వాయుమార్గ బదిలీ

జానపద ధ్వని పరిరక్షణ సంస్థకు కొత్త కంప్యూటరు వచ్చిన రోజున దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. స్విచ్చి వేసే ముందు డైరెక్టరుగారు రాహుకాలం చూసుకున్నారు. మిఠాయి పంచారు, ఫొటో తీయించుకున్నారు. ఇన్ని చేసినవాళ్లు, పాత కంప్యూటరులో ఉన్న పాటలు కొత్తదానిలోకి ఎలా వస్తాయన్న సంగతి మాత్రం మిఠాయి అయిపోయాక గానీ తలచుకోలేదు. తలచుకున్నాక తెలిసింది, రావని.

పాతది ఒక కంపెనీది, కొత్తది ఇంకో కంపెనీది. దీని భాష దానికి తెలియదు. ఆ మాత్రం పని చేసిపెట్టే కుర్రాళ్లు విజయనగరంలో వీధికి నలుగురున్నారు. అడ్డుపడ్డది యంత్రం కాదు, సర్క్యులరు. అంతకు కొన్ని నెలల ముందు రాజధానిలో ఏదో శాఖలో ఎవరో తన మరదలి పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవును ఆఫీసు కంప్యూటరులో గుచ్చితే, దాని వెంట వచ్చిన వైరస్ ఆ నెల జీతాల బిల్లుల్ని ఊడ్చేసింది. ప్రభుత్వానికి దేనికి కోపం రాకపోయినా జీతం రాకపోతే వస్తుంది. వెంటనే ఉత్తర్వు వెలువడింది: "భిన్న వ్యవస్థల మధ్య తీగ, డిస్కు, పెన్‌డ్రైవు, నెట్టు, ఫోను, వీటి ద్వారా గాని, వీటిని పోలిన మరే వస్తువు ద్వారా గాని సంధానము నిషిద్ధము."

సంస్థలో ధ్వని అధికారి భానోజీరావు ఆ సర్క్యులరును నాలుగుసార్లు చదివి, మడిచి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆయనది మెత్తని స్వభావం. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేపురికార్డరు భుజాన వేసుకుని, బొబ్బిలి నుంచి భోగాపురం దాకా కాలినడకన తిరిగి ఆ పాటలన్నీ పట్టుకొచ్చింది ఆయనే. తర్వాత వాటిని పాత కంప్యూటరులోకి ఎక్కించిందీ ఆయనే. ఇప్పుడు పాటలు అందులో ఉన్నాయి, తాను బయట ఉన్నాడు, మధ్యలో సర్క్యులరు ఉంది. రూలుకు ఎదురు చెప్పడం ఆయనకు ఈ ఇరవై రెండేళ్లలో అలవాటు కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చీడివలస నుంచి గవరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ముంజేతుల దాకా ఎండకు కమిలిన రంగు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి అడిగింది.

"బాబూ, మాయమ్మ పాట మీ కాడున్నాదట. పైడమ్మ. ఊడుపుల పాట."

భానోజీరావుకు ఆ పేరు వినగానే మోకాళ్లు నొప్పి పుట్టాయి. పైడమ్మ గుడిసె గుమ్మంలో ఆయన గొంతుక్కూర్చున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. వరినారు నాటేటప్పుడు పాడే పాట అది. పాడినంతసేపూ ఆ ముసలమ్మ బాగానే పాడింది. ఆయన టేపు ఆపి, దణ్ణం పెట్టి లేవబోతే కొంగు అడ్డం పెట్టింది. "ఎక్కడికి? పాట పట్టుకెల్లీవోడు అప్పజెప్పి ఎల్లాల. ఆ పెట్టె ఇన్నాదో నేదో నాకేటి తెలుస్తాది? నువ్వు పాడు" అంది. ఆ ఇంట అది రివాజు. ఆయన పాడాడు. "తప్పు" అంది వేలెత్తి. మళ్లీ పాడాడు. "తప్పు." పొద్దు వాలేదాకా అలా పాడించి, చివరికి "సరి, ఎల్లు" అని కొంగు తీసింది.

"ఉందమ్మా, ఉంది. మీ అమ్మగారు బాగున్నారా?" అన్నాడు.

"సచ్చిపోయి రెండేళ్లవుతాది బాబూ. నానప్పుడు ఇశాపట్నంలో తాపీ పనికి ఎల్లున్నాను. ఆ పాట ఆకరి సరణం అమ్మొక్కతే పాడీది. మడిలో ఆకరి నారు కట్ట సేతిలో ఉన్నప్పుడు పాడాల. అది పాడందే గట్టెక్కకూడదు. ఇప్పుడు జట్టుకి నాను పెద్దని. మూడు సరణాలు వొచ్చును. నాలుగోది రాదు. రెండేళ్లై మాటా పలుకూ నేకుండా మడిలోంచి ఎల్లిపోతన్నాం బాబూ, దొంగల్లాగ. ముసిలోల్లు మడిలోనే నిలబడి నా ముకం సూస్తారు." ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. "ఆసాడానికి ఊడుపులు. ఒక్కపాలి ఇనిపిస్తే నేర్సుకుంటాను."

పాత కంప్యూటరు ఆయన వెనకే ఉంది. ఒక్క మీట నొక్కితే పైడమ్మ పాడుతుంది. కానీ బదిలీ తేలేవరకు పాతదానిలో పాటలేవీ మోగించరాదని డైరెక్టరుగారు అంతకు ముందురోజే నోటు పెట్టారు. భానోజీరావు ఆ నోటును చూశాడు, గవరమ్మను చూశాడు, మళ్లీ నోటును చూశాడు.

"కొత్త యంత్రంలోకి రానివ్వండమ్మా. మీ పాట అందరికంటే ముందు ఎక్కిస్తాను. అప్పుడు మీకు కాపీయే ఇస్తారు" అన్నాడు.

గవరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ దణ్ణానికి ఆయన చాలా సంతోషించాడు కూడా.

దారి చూపించింది డైరెక్టరు ఉమామహేశ్వరంగారే. ఆయన సామాన్యుడు కాడు. ఉత్తర్వులో ఉన్న మాటల్ని అందరూ చదువుతారు, లేని మాటల్ని చదవగలిగినవాడే డైరెక్టరు అవుతాడని ఆయన నమ్మకం. సిబ్బందిని సమావేశపరిచి గొంతు సవరించుకున్నారు.

"సర్క్యులరును నిషేధ దృష్టితో గాక అవకాశ దృష్టితో పఠించవలెను. తీగ నిషిద్ధము. సరే. డిస్కు నిషిద్ధము. సరే. గాలి?"

డైరెక్టరుగారు సర్క్యులరును ఎత్తి చూపారు.

"గాలి నిషిద్ధమని ఎక్కడున్నది, చూపండి."

"ఎక్కడా లేదు సార్" అన్నాడు ఆఫీసు సూపరింటెండెంటు జోగారావు. పక్కగదిలో ఫైళ్ల మీద దుమ్ము లేచింది. జోగారావుది అంత గొంతు. మొహమాటానికి చెవిలో గుసగుస చెప్పినా కంటోన్మెంటు గేటు దాకా వినపడుతుంది.

"కానీ సార్, 'మరే వస్తువు' అని ఉంది గదా" అన్నాడు భానోజీరావు, మెల్లగా.

డైరెక్టరుగారు ఆయన వైపు జాలిగా చూశారు. "భానోజీరావుగారూ, గాలిని మనం కొన్నామా? టెండరు పిలిచామా? స్టాకు రిజిస్టరులో ఎక్కించామా? స్టాకులో లేనిది వస్తువెట్లా అవుతుంది?"

దానితో ఆ వాదం ముగిసింది. మర్నాడే వాయుమార్గ బదిలీ పథకం ప్రారంభమైంది. పథకం చాలా సులువు. హాల్లో రెండు బల్లలు వేసి, పాత కంప్యూటరునూ కొత్త కంప్యూటరునూ పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా పెట్టారు. దీనికి స్పీకరు, దానికి మైకు. ఇది పాడుతుంది, అది వింటుంది. ఒకటి ముట్టుకోకుండా ఇంకొకటి పాట పట్టుకుంటుంది. గంట పాట రావడానికి గంట పడుతుంది కాబట్టి మొత్తం పాటలు రావడానికి పదకొండేళ్లు పట్టవచ్చునని భానోజీరావు లెక్కవేసి చెప్పాడు. తనకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్లే ఉన్నా, పథకం పూర్తయ్యేదాకా సేవలు కొనసాగించాల్సి రావచ్చునని డైరెక్టరుగారు వినయంగా అన్నారు.

ఇక నిశ్శబ్దం కావలసి వచ్చింది. ఫ్యాన్లు చప్పుడు చేస్తాయని ఆపించారు. వీధి మోత వస్తుందని కిటికీలు మూయించారు. అది మే నెల. హాల్లో ఉన్నవాళ్లు ఉడికిపోయారు. టీ గ్లాసుల చప్పుడని టీ మాన్పించారు. గోడ మీద బల్లి ఒకటి పాట మధ్యలో పలుకుతోందని కనిపెట్టి, దాన్ని తొలగించడానికి అటవీశాఖకు లేఖ రాశారు. ఇంత జరిగినా ఎక్కడో అక్కడ కుర్చీ కిర్రుమంటోందనీ, ఎవరికో దగ్గు వస్తోందనీ, దీనికంతకూ బాధ్యత వహించడానికి ఒక అధికారి ఉండాలనీ నిర్ణయించి, నిశ్శబ్ద పర్యవేక్షణాధికారిగా జోగారావును నియమించారు. ఆయన సీనియరు. ఆ పదవి సీనియరుకే దక్కాలి.

జోగారావు తన బాధ్యతను ఎంత నిష్ఠగా నిర్వర్తించాడంటే, కుర్చీ కిర్రుమన్న మరుక్షణం "నిశ్శబ్దం!" అని ఉరిమేవాడు. మైకుకు కిర్రు వినపడేది కాదు గానీ జోగారావు మాత్రం చక్కగా వినపడేవాడు. మొదటి వారం బదిలీ అయినవి, జముకు వాద్యం మీద పాడే జముకుల పాటలు. వాటన్నిటిలోనూ ఆయన ఉన్నాడు. ఒక జోలపాటలో, బిడ్డ నిద్రపోతోందనగా, ఆయన అరుపుకు భానోజీరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్, జోగారావుగారి గొంతు కూడా ఎక్కుతోంది" అని వెళ్లి చెప్పాడు.

డైరెక్టరుగారు విని, తల పంకించి, "అధికారి విధుల్లో ఉన్నాడనడానికి అదే రుజువు" అన్నారు. జోగారావు ఆ మాట విన్న తర్వాత ఇంకాస్త గట్టిగా అరవడం మొదలుపెట్టాడు.

రెండో వారంలో ఆడిటు వాళ్ల ఉత్తరం వచ్చింది. పాట ఒకటే గాని పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఉంటోంది, ఇందులో ఏది అసలు అని అడిగారు. ఒకే పాట రెండు చోట్ల ఉండటం నిధుల దుర్వినియోగం కిందికి రావచ్చునన్నారు. దానితో బదిలీ అయిన ప్రతి పాటనూ అప్పటికప్పుడే పాతదానిలోంచి తొలగించాలని రూలు పుట్టింది. తొలగిస్తే మరి కొత్తదానిలో ఉన్నది సరైన నకలేనని ఎవరు చెప్పాలి? ఆ ప్రశ్న రావడమే ఆలస్యం, డైరెక్టరుగారి ముఖం వెలిగిపోయింది.

"కాగితానికి నకలు తీస్తే గెజిటెడ్ అధికారి ఏం చేస్తాడు? ప్రతి పేజీ మీదా ముద్ర వేసి ధ్రువీకరిస్తాడు. పాటకు పేజీలు లేవు. కనుక నిమిషమే పేజీ. నిమిషానికొకసారి నేను మైకులో ధ్రువీకరిస్తాను."

"పాట ఆపి చెప్తారా సార్?" అన్నాడు భానోజీరావు.

"ఆపితే అసలులో లేని విరామం నకలులో వచ్చిందని మళ్లీ ఆడిటు. ఆపకుండానే చెప్తాను."

"పాట మీద పడుతుంది సార్."

"పడాలి! ముద్ర అక్షరాల మీదే పడాలి భానోజీరావుగారూ. పక్కన తెల్ల కాగితం మీద వేస్తే ఎవడైనా కత్తిరించి పారేస్తాడు."

ఆ రోజు నుంచి డైరెక్టరుగారు మైకు పక్కనే కూర్చుని, గడియారం చూసుకుంటూ, నిమిషానికొకసారి నిదానంగా, స్పష్టంగా, ఎక్కడా తొందరపడకుండా పలికేవారు: "ఇంతవరకు వినబడిన ధ్వని అసలుకు సరియైన నకలని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." ఆ వాక్యం పూర్తవడానికి పావు నిమిషం పట్టేది. అంటే ప్రతి పాటలోనూ నాలుగో వంతు ఆయనే.

పథకానికి పేరొచ్చింది. రాజధాని నుంచి పెద్ద అధికారులు వచ్చి, చెమటలు కక్కుతూ ఒక పాట బదిలీ చూసి, "ఒక్క రూపాయి తీగ కొనకుండా!" అని ఆశ్చర్యపోయారు. డైరెక్టరుగారికి శాలువా కప్పారు. మిగతా శాఖలవాళ్లు వెనకబడిపోతామేమోనని హడావుడి పడ్డారు. శిల్పాల ఫొటోలు భద్రపరిచే శాఖ ఒకటి, పాత కంప్యూటరు తెర ఎదుట కొత్త కెమెరా పెట్టి దృశ్యమార్గ బదిలీ మొదలుపెట్టింది. తెర గాజుది కావడంతో కెమెరా పట్టుకున్న గుమాస్తా నీడ అందులో పడింది. ఇప్పుడు వెయ్యేళ్ల నాటి నాట్యగణపతి పక్కనా, నంది పక్కనా, బనియనుతో ఆయన నిలబడి ఉంటాడు. ఆయన ఎవరో ఏ రాజవంశం వాడో అని పరిశోధన చేస్తున్నారట.

భానోజీరావు ఇచ్చిన మాట మరచిపోలేదు. పైడమ్మ పాట వరుసలో ఎక్కడో అట్టడుగున ఉంది. మామూలుగా అయితే దాని వంతు పదేళ్లకు వచ్చేది. ఆయన డైరెక్టరుగారి గదికి మూడుసార్లు తిరిగి, బతిమాలి, రైతుల సీజను అవసరమని రాయించి, దాన్ని ముందుకు లాగించాడు. తన ఉద్యోగంలో రూలును అంత దూరం ఎప్పుడూ కదపలేదు. ఆ రాత్రి భార్యతో కూడా గొప్పగా చెప్పుకున్నాడు.

బదిలీ రోజున హాలు తలుపులు మూశారు. జోగారావు గుమ్మం దగ్గర, డైరెక్టరుగారు మైకు దగ్గర, భానోజీరావు పాత కంప్యూటరు దగ్గర కూర్చున్నారు. మీట నొక్కగానే పైడమ్మ వచ్చింది. గరుకైన గొంతు, కానీ ఎంత దూరమైనా వెళ్లే గొంతు.

*నారమ్మా నారమ్మా, పుట్టిన మడి ఇడిసొచ్చినావా...*

మొదటి చరణం మీద డైరెక్టరుగారు పడ్డారు, కొంచెం పోయింది. రెండోదాని మీద పడ్డారు. మూడోదాని మీద పడ్డారు. ఆ మూడూ గవరమ్మకు వచ్చు కాబట్టి భానోజీరావు ఓర్చుకున్నాడు. నాలుగో చరణం ఎత్తుకుంది పైడమ్మ.

*ఆకరి నారమ్మా, అలగబోకమ్మా...*

భానోజీరావు గడియారం చూశాడు. ముల్లు పన్నెండు మీదికి వస్తోంది. డైరెక్టరుగారు మైకు వైపు వంగారు. ఇక ఉండబట్టలేక భానోజీరావు కుర్చీలోంచి సగం లేచి, వద్దన్నట్టు చెయ్యెత్తాడు. కుర్చీ కిర్రుమంది.

"నిశ్శబ్దం!" అన్నాడు జోగారావు.

"ఇంతవరకు వినబడిన ధ్వని అసలుకు సరియైన నకలని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అన్నారు డైరెక్టరుగారు.

"...ఎల్లొస్తానమ్మా" అంది పైడమ్మ. పాట అయిపోయింది.

"తొలగించండి" అన్నారు డైరెక్టరుగారు, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

"సార్, ఇదొక్కటి ఇంకోసారి చేద్దాం సార్. చివరి చరణం పూర్తిగా పోయింది."

"ఎక్కడికి పోయింది? ధ్రువీకరించాను గదా. ఇంకోసారి చేస్తే మొదటి ధ్రువీకరణ తప్పని నేనే రాసిచ్చినట్టు. నొక్కండి."

జోగారావు చూస్తున్నాడు. డైరెక్టరుగారు చూస్తున్నారు. భానోజీరావు నొక్కాడు. నొక్కిన తర్వాత తన చూపుడు వేలంటే తనకే అసహ్యం వేసింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ఆ చరణం గుర్తు తెచ్చుకోబోయాడు. బాణీ లీలగా మెదిలింది గాని మాటలు రాలేదు. అన్నం అలాగే వదిలేసి లేచాడు.

మర్నాడు తొలి వానలు పడుతుండగా, ఆయన ముందే పంపిన కబురు అందుకుని గవరమ్మ వచ్చింది. చేతిలో ఒక సంచి, అందులో ఆయన కోసం తెచ్చిన తాటిముంజల పొట్లం. కౌంటరు దగ్గర ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. తల్లి గొంతు వినపడగానే ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచింది.

"ఈ బాబెవురు? మాయమ్మ పాడతంటే మద్దిన మాటాడతన్నాడు?"

"మా డైరెక్టరుగారు."

"ఏటంతన్నాడు?"

"పాట నిజమేనని చెప్తున్నారు."

"నిజమేనని మాయమ్మ పాడతంది గదా?" అంది గవరమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక.

చివరిదాకా విని, మళ్లీ పెట్టించుకుని వింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టింది. "ఆకరి సరణంలో ఎవురో అరిసినారు. ఈ బాబు సదివినాడు. 'ఎల్లొస్తానమ్మా' ఒక్కటే ఇనబడింది. ఆ పాత యంత్రంలోది ఇనిపించండి బాబూ, అందులో సరిగ్గా ఉంటాది."

భానోజీరావు తల దించుకున్నాడు. "అందులోది తీసేశాం."

"ఎవురు తీసినారు?"

"నేనే."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. ముంజల పొట్లం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకోవడానికి వరండాలోకి నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు. వాన కురుస్తోంది. ఆమె స్తంభం పక్కన నిలబడి వాన వైపు చూస్తూ, ఎవరి కోసమూ కాకుండా మొదటి చరణం అందుకుంది. ఆ గొంతు అచ్చం తల్లి గొంతే. రెండోది పాడింది. మూడోది పాడింది. మూడో చరణం చివర మాట మీద ఆగిపోయింది, రెండేళ్లుగా మడిలో ఆగిపోతున్నట్టే.

ఆ ఆగినచోట భానోజీరావుకు గుడిసె గుమ్మం కనిపించింది. అడ్డంగా పెట్టిన కొంగు కనిపించింది. ఎత్తిన వేలు కనిపించింది. ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది.

*ఆకరి నారమ్మా, అలగబోకమ్మా,*
*ముందు దిగినోరంతా నీ తోడబుట్టులే.*
*నా సెయ్యి ఇడిసేను, మన్ను నిన్ను పట్టేను,*
*ఏరూ నీదే, నీరూ నీదే, ఎల్లొస్తానమ్మా.*

ఆయనది పాడే గొంతు కాదు. అయినా ఒక్క మాట తప్పిపోలేదు. లోపల హాల్లోంచి "నిశ్శబ్దం!" అన్న కేక వరండా పెంకులు అదిరేలా వచ్చింది. భానోజీరావు ఆగలేదు. రెండోసారి కూడా పాడాడు. గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, ఏడుస్తూనే పెదవులు కదుపుతోంది.

కాసేపటికి ముఖం తుడుచుకుని, "అప్పజెప్తాను, ఇనండి బాబూ" అని ఆయనకెదురుగా నిలబడింది. పాడింది. ఆయన "సరి" అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుని వానలోకి దిగి వెళ్లిపోయింది.

మెమో సాయంత్రానికల్లా వచ్చింది. జోగారావు తన బాధ్యతగా ఇచ్చిన నివేదిక మీద డైరెక్టరుగారు పంపిన మెమో అది.

"సంస్థకు చెందిన ఒక చరణమును తాము అనుమతి లేకుండా ఒక బయటి వ్యక్తిలోనికి బదిలీ చేసినట్లు మా దృష్టికి వచ్చినది. సదరు వ్యక్తి సంస్థ గుర్తించిన వ్యవస్థ కాదు. సదరు చరణము తమలో ఇన్నేళ్లుగా స్టాకు లెక్కకు రాకుండా ఏల నిలువయున్నది? బదిలీ అనంతరము తమలోని ప్రతిని తొలగించితిరా? బదిలీ ఏ మార్గమున జరిగినది? వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను."

భానోజీరావు ఆ రోజు మొట్టమొదటిసారిగా భయపడకుండా జవాబు రాశాడు. చరణము తనలో ఉన్న సంగతి తనకే తెలియదన్నాడు. తొలగించుటకు ప్రయత్నించలేదు, ప్రయత్నించబోనన్నాడు. ఇక మూడో ప్రశ్నకు ఒకే మాట రాశాడు: "వాయుమార్గమున."

డైరెక్టరుగారు ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయారు. సస్పెండు చేద్దామంటే వాయుమార్గం తప్పని రాయాలి. వాయుమార్గం తప్పయితే గోడకు తగిలించిన శాలువా దించాలి. రెండు రోజులు గది తలుపు వేసుకుని ఆలోచించి, మూడోరోజు చిరునవ్వుతో బయటికొచ్చారు.

"భానోజీరావుగారూ, మీకు తెలియకుండానే మీరు పథకం రెండో దశను ప్రారంభించారు. యంత్రము నుండి యంత్రమునకు మొదటి దశ. మానవుని నుండి మానవునికి రెండో దశ. రాజధానికి నివేదిక పంపుతున్నాను. ఒక్క లోపమే ఉన్నది. ఆ బదిలీకి ధ్రువీకరణ లేదు. సదరు మహిళ పొలంలో ఆ పాట ప్రయోగించునప్పుడు మీరు హాజరై, నిమిషానికొకసారి ధ్రువీకరించవలెను. మీకు ప్రత్యేకాధికారం ఇస్తున్నాను. నిశ్శబ్ద పర్యవేక్షణకు జోగారావుగారు వెంట వస్తారు."

అలా ఆషాఢంలో ఒకరోజు ఇద్దరు అధికారులు, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని, చెరో గొడుగుతో చీడివలస పొలం గట్టు మీద నిలబడ్డారు. మడిలో ఆడవాళ్లు వరసగా వంగి వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. గవరమ్మ పాడుతుంటే జట్టు అందుకుంటోంది. మొదటి నిమిషం గడిచింది. జోగారావు మోచేత్తో పొడిచి, "కానీండి, ధ్రువీకరించండి" అన్నాడు. గుసగుసే గాని మడిలో కొంగలు లేచిపోయాయి. భానోజీరావు నోరు విప్పలేదు. రెండో నిమిషం గడిచింది. మడిలో పిల్లతల్లులు నవ్వుకుంటున్నారు, నీళ్లు చప్పుడు చేస్తున్నాయి, ఎక్కడో ట్రాక్టరు మోగుతోంది. జోగారావు దేన్ని ఆపాలో తోచక గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

చివరికి మడి మూలన ఒకే ఒక్క నారు కట్ట మిగిలింది. గవరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని నిటారుగా నిలబడింది. జట్టు ఆగింది. ముసలివాళ్లు నడుములెత్తి ఆమె ముఖం చూశారు.

ఆమె నాలుగో చరణం పాడింది. పాడుతూనే వంగి, ఆ చివరి కుదురు బురదలో గుచ్చి, చెయ్యి వదిలింది. ఒక ముసలమ్మ "పైడీ, ఇన్నావటే" అని ఆకాశం వైపు చూసి అంది. భానోజీరావుకు కళ్లు మసకబారాయి. అప్పుడు అందరూ నవ్వుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, గట్టెక్కారు.

తిరుగు ప్రయాణానికి జీపు వైపు నడుస్తుంటే భానోజీరావుకు వెనక నుంచి ఏదో సన్నగా వినపడింది. తిరిగి చూశాడు. జోగారావు గొడుగు తిప్పుకుంటూ, తనకు తెలియకుండానే, "ఏరూ నీదే, నీరూ నీదే" అని కూనిరాగం తీస్తున్నాడు. గట్టు మీద కాళ్లు కడుక్కుంటున్న గవరమ్మ చెవిన పడింది. చటుక్కున లేచొచ్చి దారికి అడ్డంగా కొంగు పట్టుకుంది.

"పాట పట్టుకెల్తన్నారు గదా బాబూ. అప్పజెప్పి ఎల్లండి."

జోగారావు బిత్తరపోయి భానోజీరావు వైపు చూశాడు. "ఇదేంటండీ? రూలా?"

"రూలే" అన్నాడు భానోజీరావు.

రూలంటే జోగారావు ఏనాడూ కాదనలేదు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. వానలో నిటారుగా నిలబడి, ఇన్ని నెలలుగా ఒకే ఒక్క మాట పలికిన ఆ గొంతును గట్టిగా సవరించుకుని, "ఆకరి నారమ్మా" అని ఎత్తుకున్నాడు.

"తప్పు" అంది గవరమ్మ, వేలెత్తి.

జోగారావు మళ్లీ మొదలుపెట్టాడు.